ఫాల్గుణంలో ఉత్తరానికి, కార్తీకంలో దక్షిణానికి

ఆంధ్ర తీరం వెంట సముద్రపు నీరు ఏడాదిలో రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి దిగుతుంది. దీనికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు తూర్పు భారత తీర ప్రవాహం. అమెరికా పక్కన పారే గల్ఫ్ స్ట్రీమ్, జపాను పక్కన పారే కురోషియో ఏడాది పొడవునా ఒకే దారిన పోతాయి. మనది తిరగబడుతుంది. తిప్పుతున్నది ఏదన్నదే ఇక్కడి వాదం.

వాదించేది మావయ్య, మేనకోడలు. ఆయన విశాఖ చేపల రేవులో మరపడవ సరంగు, ఆమె సముద్రశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఇద్దరినీ నేనే కల్పించాను. శాస్త్రం గురించి వాళ్ళు చెప్పే సంగతులు మాత్రం కల్పించినవి కావు.

మావయ్య: సూడమ్మీ, ఇందులో తెలీనిదేటుంది? నీటికి గాలే దొర. శివరాత్రి దాటితే దక్షిణపు గాలి లెగుత్తాది, నీరు ఉత్తరానికి ఎల్తాది. దీపావళి ఎల్లాక ఈశాన్యం గాలి వత్తాది, నీరు దక్షిణానికి దిగుతాది. మా తాత ఇదే సెప్పాడు, మా అయ్య ఇదే సెప్పాడు. దీనికి నువ్వు అన్నేసి ఏళ్ళు సదవాలా?

మేనకోడలు: తాత చెప్పిన దిక్కుల్లో తప్పు లేదు మావయ్యా. నెలలు సరిచూడు. దక్షిణపు గాలి బాగా విసురుగా ఉండేదెప్పుడు?

మావయ్య: ఆషాఢం, శ్రావణం. ఆ రోజుల్లో రేవు దాటాలంటే గుండె దిటవు కావాల.

మేనకోడలు: గాలే దొరైతే నీరు ఉత్తరానికి అన్నిటికన్నా వడిగా పోవలసింది అప్పుడే కదా! కొలిచి చూస్తే అలా లేదు. ఉత్తరపు వడి మార్చి, ఏప్రిల్ నెలల్లో ముదురుతుంది. అప్పటికి నైరుతి రుతుపవనం ఇంకా పుట్టనే లేదు. తీరా జులైలో గాలి ఈడ్చి కొడుతుంటే ప్రవాహం నీరసించిపోతుంది. తమిళనాడు వైపు ఉత్తరానికి, ఒడిశా వైపు దక్షిణానికి, ఒక పద్ధతి లేకుండా పోతుంది. గాలికి బలమున్న నెలలో నీటికి బలం ఎందుకు లేదు?

మావయ్య: ... ఆ మాట నిజమే. ఆషాఢంలో రాత్రి వల తేలేత్తే గాలి ఎటో, వల ఎటో. కెరటం పడవని ఒక దిక్కు తోత్తాది, వల కింద నీరు ఇంకో దిక్కు లాగుతాది. మేం దాన్ని సంద్రం పిచ్చి అనుకుని ఊరుకునేవోళ్ళం.

మేనకోడలు: పిచ్చి కాదు. మన ఒడ్డు మీద వీచే గాలి ఒక్కటే నీటిని తోయదు. బంగాళాఖాతం నడిమధ్య గాలి సుడి తిరుగుతూ వీస్తుంది, దాని పని వేరు. బర్మా, బంగ్లాదేశ్ ఒడ్ల మీద గాలి ఉంది. సుమత్రాకు పడమర, భూమధ్యరేఖ మీద వీచే గాలి ఉంది. ఈ నాలుగింటి లాగుళ్ళూ కలిసి మన దగ్గర తేలే లెక్కే నువ్వు చూసే ప్రవాహం. జులైలో ఒడ్డు గాలి ఉత్తరానికి తోస్తుంటే, నడిసంద్రపు గాలి చేసే పని ఇక్కడ దక్షిణానికి లాగుతుంది. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నవంబరులో అన్నీ ఒకే మాట మీద ఉంటాయి, అందుకే దక్షిణపు వడి అంత గట్టిగా ఉంటుంది. మార్చిలో మాత్రం పెత్తనం నడిసంద్రానిదే. ఖాతమంతా ఒక పెద్ద చక్రంలా తిరుగుతుంది, దాని పడమటి అంచు మన ఒడ్డు వెంట ఉత్తరానికి పోతుంది.

మావయ్య: సుమత్రాలో గాలి కొడితే విశాఖలో నీరు కదుల్తాదా? అక్కడి నీరు ఇక్కడికి రావాలంటే ఎన్ని నెలలు పడతాది? ఇలాగ నమ్మించకమ్మీ.

మేనకోడలు: నీరు రానక్కర్లేదు, అల వస్తే చాలు. కాలువకు తలుపెత్తినప్పుడు చివరి పొలం దగ్గర మట్టం లేస్తుంది చూడు. ఎత్తిన చోటి నీరు అక్కడికి ఇంకా చేరలేదు, అయినా పొంగు చేరిపోయింది. ఇదీ అంతే. భూమధ్యరేఖ మీద ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే లోనూ అక్టోబరు-నవంబరు లోనూ, పడమటి గాలులు నీటిని తూర్పుకు వడిగా తోస్తాయి. దాన్ని 1973లో క్లాస్ విర్ట్‌కి అనే శాస్త్రవేత్త బయటపెట్టాడు, అందుకే ఆయన పేరే పెట్టారు. ఆ తోపుడు సుమత్రా ఒడ్డును తాకగానే అలగా మారి, ఒడ్డును కుడిచేతి వైపు ఉంచుకుని పోతుంది. అండమాన్ సముద్రం చుట్టి, బర్మా, బంగ్లాదేశ్ ఒడ్లు తిరిగి, ఒడిశా మీదుగా మన దగ్గరికి దిగుతుంది. దాన్ని కెల్విన్ అల అంటారు. రోజుకు 200 కిలోమీటర్ల పైమాటే నడుస్తుంది. అన్ని వేల కిలోమీటర్ల దారి మూడు నాలుగు వారాల్లో చుట్టేస్తుంది.

మావయ్య: అంత పెద్ద అల నా పడవ కిందనుంచి ఎల్తే నాకు తెలీదా?

మేనకోడలు: తెలీదు. ఎత్తు జానెడు, పొడవు వేల కిలోమీటర్లు. నీ పడవను ఎత్తడానికి దానికి కొన్ని వారాలు పడుతుంది. పడవలో ఉన్నవాడికి కనపడదు, ఒడ్డున నిలబడినవాడికి కనపడుతుంది. జెట్టీ మెట్ల దగ్గర నీరు ఏ నెలలో ఎంతెత్తున ఉంటుందో చెప్పు.

మావయ్య: కార్తీకంలో పోటుకి మెట్లెక్కీత్తాది. ఫాల్గుణంలో పాటుకి చిన్న పడవలు బురదలో కూకుంటాయి. ఆ ఏటి పోటుకీ ఈ ఏటి పోటుకీ కాదు, ప్రతి ఏడూ ఇదే వరస.

మేనకోడలు: అదీ సంగతి. విశాఖ పోర్టులో 1930ల చివరి నుంచీ నీటిమట్టం కొలుస్తున్నారు. పోటూపాటూ తీసేసి నెల సగటు చూస్తే మార్చిలో అన్నిటికన్నా కింద, నవంబరులో అన్నిటికన్నా పైన. తేడా దాదాపు మూరెడు. ఎండకూ మంచినీటికీ నీరు ఉబ్బడం అందులో కొంత ఉంది, ప్రవాహం పాలు కూడా ఉంది. భూమి తిరుగుతుంది కాబట్టి మన సగం భూమిలో పారే నీరు కుడిచేతి వైపు ఒరుగుతుంది. ఉత్తరానికి పోయే నీటికి కుడిచెయ్యి నడిసంద్రం, ఎడమచెయ్యి మన ఒడ్డు. అందుకని మార్చిలో ఒడ్డున మట్టం దిగుతుంది. నవంబరులో నీరు దక్షిణానికి తిరిగితే కుడిచెయ్యి మన ఒడ్డే. మట్టం లేస్తుంది. నువ్వు జెట్టీ మెట్ల మీద కూర్చుని ప్రవాహం దిక్కు చెప్పెయ్యచ్చు, పడవ విప్పనక్కర్లేదు.

ఇక్కడ వాళ్ళిద్దరినీ కాసేపు ఆపుతాను. ఈ మూరెడు నీటిని నేను తేలిగ్గా తీసుకోలేను. తుపానులు మన తీరాన్ని కొట్టే నెలలు అక్టోబరు, నవంబరు. సరిగ్గా అప్పుడే సముద్రం తన ఏడాది ఎత్తులో ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు కూడా నెల అదే. ఉప్పెనను లేపింది తుపానే, అనుమానం లేదు. కాని ఉప్పెన ఎంతెత్తు లేస్తుందని లెక్కగట్టేటప్పుడు, ఆ రోజున సముద్రం ఏ మెట్టు మీద నిలబడి ఉందో కూడా చూడాలి. మార్చి సముద్రమూ నవంబరు సముద్రమూ ఒకటి కావు.

మావయ్య: సరే, దూరం నుంచి అల వత్తాదన్నావు, ఒప్పుకున్నాను. ఇప్పుడు నా మాట విను. నువ్వు నవంబరంటే దక్షిణం, మార్చంటే ఉత్తరం అని గీత గీసినట్టు సెప్తావు. కార్తీకంలో నాను వల ఏసినప్పుడు నాలుగైదు రోజులు వరసగా నీరు ఉత్తరానికి పోయిన కాలం ఉంది. నీ బొమ్మలో అది ఎక్కడుంది?

మేనకోడలు: నెల సగటులో అది కనపడదు.

మావయ్య: మరి నాను నెల సగటు మీద వల ఎయ్యను కదమ్మీ! ఆ రాత్రి నీటి మీద ఏత్తాను. సగటు దక్షిణం అనీసి ఎల్లి, నీరు ఉత్తరానికి లాగితే, వల పక్కోడి వలలో సుట్టుకుంటాది. తగువు నాకొత్తాది, నీ సగటుకి రాదు.

మేనకోడలు: ఆ దెబ్బ ఒప్పుకోవాల్సిందే. విశాఖ ఎదురుగా ఖండతీరపు అంచు వెడల్పు సుమారు 40 కిలోమీటర్లు. దాని మీద లోతు తక్కువ. ఆ అంచు దాటాక నేల ఒక్కసారిగా కిందికి జారిపోతుంది, అది వాలు. నేను చెప్పే పెద్ద ప్రవాహం ముఖ్యంగా ఆ వాలు మీదుగా, దానికి అవతలగా పోతుంది. నువ్వు వేట చేసే లోతు తక్కువ నీటిలో రోజువారీ గాలి, పోటుపాట్లు, నడిసంద్రం నుంచి తిరుగుతూ వచ్చి ఒడ్డుకు గుద్దుకునే సుడులు, ఇవన్నీ కలగాపులగం అవుతాయి. గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ వాళ్ళు కడలూరు, కాకినాడ, విశాఖ, గోపాల్‌పూర్ ఎదురుగా వాలు మీద యంత్రాలు కట్టి ఉంచారు. అవి నీటిలోకి శబ్దం పంపి, నలకల మీద తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని బట్టి ఏ లోతులో నీరు ఎటు పోతోందో కొలుస్తాయి. వాటిలో కూడా నువ్వు చెప్పిందే కనపడింది. రుతువును బట్టి తిరిగే ప్రవాహం మీద, కొన్ని వారాలకోసారి ఇటూ అటూ ఊగే ఇంకో కదలిక బలంగా ఉంది. ఒక్కోసారి అది రుతువు దిక్కునే తిప్పేస్తుంది.

మావయ్య: ఇంకోటి. మీద నీరు ఒకలాగ, అడుగు నీరు ఒకలాగ పోతాది. పొడుగు తాడుకి గేలాలు కట్టి దింపితే పైతాడు దక్షిణానికి, కిందతాడు ఉత్తరానికి వంగుతాది. అదీ సూశారా మీ యంత్రాలు?

మేనకోడలు: చూశాయి. మీది ప్రవాహానికి ఎదురుగా కింద ఇంకో ప్రవాహం నడవడం అందులో తరచుగా దొరికింది. నీ గేలాల తాడు ముందే చెప్పింది.

నా మట్టుకు నాకు ఈ వాదంలో బరువైన చోటు ఇదే అనిపిస్తుంది. పెద్ద ప్రవాహం ఎంత పెద్దదో తెలిస్తే మావయ్య అభ్యంతరం విలువ కూడా తెలుస్తుంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అంటే సెకనుకు సుమారు లక్ష ఘనపు మీటర్లు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ తీర ప్రవాహం ఉత్తరానికి మోసే నీరు సెకనుకు కోటి ఘనపు మీటర్ల దరిదాపుల్లో ఉంటుందని ఓడల మీద చేసిన కొలతలు చెప్పాయి. ఆ వరద గోదావరులు వంద. అంత నీరు పోతున్న దారి పక్కనే, దాని మాట వినని నీటి మీద మావయ్య వల వేస్తున్నాడు. పెద్ద లెక్క నిజం, అతని రాత్రీ నిజం. రెండోదాన్ని రాసిపెట్టిన పుస్తకం లేదు.

మావయ్య: ఫాల్గుణంలో ఇంకో వింత. ఎండ ముదురుతుంటే నీరు సల్లబడతాది. పైన ఎండ మాడుస్తుంటే కింద నుంచి సలువ వత్తాది. ఆ నీరు పచ్చగా ఉంటాది, సేప పడతాది.

మేనకోడలు: దాన్ని మన ఊళ్ళోనే మొదట కొలిచారు. 1950లలో యూజీన్ లఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త వాల్తేరుకు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఇక్కడి విద్యార్థులను వెంటేసుకుని నౌకాదళం ఓడల మీద తిరిగి ఉష్ణోగ్రతలు తీశాడు. మార్చి, ఏప్రిల్లో అడుగు నీరు పైకి లేస్తుందని, వర్షాకాలం చివర్లో పైనీరు కిందికి దిగుతుందని తేల్చారు. ఒడ్డు వెంట వీచే దక్షిణపు గాలి పైనీటిని సంద్రం లోపలికి తోస్తుంది, ఆ ఖాళీలోకి అడుగు నీరు లేస్తుంది. ఇక్కడ నీ గాలికి పూర్తి మార్కులు, మావయ్యా. అడుగు నీటిలో ఎరువుంటుంది. అది వెలుతురులోకి రాగానే నాచు పెరుగుతుంది, నాచు ఉన్నచోటికి నెత్తళ్ళూ కవ్వళ్ళూ వస్తాయి. మన ఎదురుగా సముద్రపు అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టింది కూడా ఆ లఫాండే.

మావయ్య: పేర్లు బాగున్నాయి. సేప ఎక్కడుందో సెప్పడం మాత్రం కుదరట్లేదు. హైదరాబాదు నుంచి ఫోనుకి వత్తాది, ఫలానా చోట సేప ఉండొచ్చని. ఎల్లేసరికి అక్కడ ఏటీ ఉండదు.

మేనకోడలు: హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆ సమాచారం ఇస్తుంది. ఉపగ్రహం నుంచి నీటి వేడినీ రంగునూ చూసి చెబుతారు. మబ్బు పడితే ఉపగ్రహానికి కనపడదు. మబ్బు లేకపోయినా ఇంకో చిక్కుంది. నీరు సెకనుకు అర మీటరు పోతోందనుకో, రోజు తిరిగేసరికి 43 కిలోమీటర్లు జరిగిపోతుంది. నిన్నటి పచ్చనీరు ఇవాళ అక్కడ ఉండదు.

మావయ్య: అదే నాననేది! సోటు సెప్తారు, నడక సెప్పరు.

మేనకోడలు: నడక చెప్పాలంటే నడక కొలవాలి. సంద్రమంతా యంత్రాలు కట్టలేం కదా. మచిలీపట్నం దగ్గర ఒడ్డు మీద రాడార్లు పెట్టి పైనీటి నడక చూస్తున్నారు, అది తీరంలో ఒక ముక్క. మిగతాది మనుషులే చెప్పాలి. మనుషులు చెప్పిన లెక్క ఒకటి ఉంది, విను. 2005 మే నుంచి జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ కోసం, దేశం ఒడ్డు వెంట 8 చోట్ల జాలర్లు 5 రోజులకోసారి మోకాలి లోతు నీటిలో దిగి నీళ్ళు పట్టి ఇచ్చారు. అంతే పని. ఆ నీళ్ళలో ఉప్పు కొలిచారు.

మావయ్య: మోకాలి లోతు నీరు సూసి నడిసంద్రం సంగతి ఎలా తెలుత్తాది?

మేనకోడలు: వాళ్ళకూ ఆ అనుమానమే వచ్చి, లోపల తీసిన నీటితో సరిపోల్చారు. సరిపోయింది. తేలిందేమిటంటే, వర్షాకాలం చివర్లో గంగ, బ్రహ్మపుత్ర, మహానది కుమ్మరించిన మంచినీరు ఖాతమంతా చెదిరిపోకుండా, ఒడ్డు వెంట సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున ఒక పట్టీలా దక్షిణానికి దిగుతుంది. ఉత్తరాన లీటరు నీటిలో 10 గ్రాములకు పైగా ఉప్పు తగ్గిపోతుంది. ఆ పట్టీ రెండున్నర నెలల్లో దేశం దక్షిణపు కొసకు చేరుతుంది. 2014లో అచ్చయిన ఆ పరిశోధనలో దాన్ని సముద్రంలో నది అన్నారు. వ్యాసం పేరులోనే జాలర్లున్నారు.

మావయ్య: కార్తీకంలో దుంగలూ వెదుర్లూ కొట్టుకొత్తాయి, నీరు నోట్లో ఏసుకుంటే ఉప్పు తక్కువ. ఉత్తరపు ఏటి నీరని మాకూ తెలుసు. కొస దాకా ఎల్తాదని తెలీదు.

మేనకోడలు: ఆ మంచినీరు తేలిక కాబట్టి పైనే ఉంటుంది. మామూలుగా తుపాను వచ్చినప్పుడు నీటిని కలియదిప్పి అడుగు చలువను పైకి తెస్తుంది, ఆ చలువకు తనే కొంత నీరసిస్తుంది. పైన మంచినీటి పొర మూతలా ఉంటే ఆ కలయిక కష్టం. నీరు వెచ్చగానే ఉంటుంది, తుపానుకు బలం తగ్గదు. అందుకే ఆ నది ఏ ఏడు ఎంత లావుగా వస్తుందో, ఎక్కడిదాకా దిగుతుందో ముందే తెలుసుకోవాలి. అది విశాఖ ఎదురుగా పోయే నెలల్లోనే మనకు తుపానులు.

మావయ్య: అంటే నీళ్ళు మోసినోళ్ళు లేకపోతే నీ నది లేదు.

మేనకోడలు: లేదు.

మావయ్య: అయితే నానొకటి సెప్తాను, రాసుకో. రాత్రి వల తేలేసినప్పుడు పడవని వల కొసకి కట్టీసి ఇంజను ఆపీత్తాం. తెల్లార్లూ నీరు ఎటు లాగితే అటు ఎల్తాం. వల ఏసిన సోటు జీపీఎస్‌లో గుర్తు పెడతాను, తీసే సోటూ అందులో ఉంటాది. రాత్రి 7 గంటలకి ఏసి 3 గంటలకి లాగితే, ఎనిమిది గంటల్లో 14 కిలోమీటర్లు ఉత్తరానికి ఎల్లిపోయిన రాత్రులున్నాయి. ఇది కొలత కాదా?

మేనకోడలు: కొలతే. సెకనుకు అర మీటరు లెక్క తేలుతుంది. కాని పడవ మీద గాలి కొడుతుంది కదా, అది కూడా నిన్ను కొంత తోస్తుంది.

మావయ్య: వల బరువంతా నీటిలో ఉంటాది. గాలికి దొరికేది పడవ ఒక్కటే. ఆ రాత్రి గాలి ఎటో కూడా నాను సెప్తాను, నువ్వు అది తీసెయ్యి.

మేనకోడలు: తీసెయ్యగలను. ఒక పడవైతే అనుమానం మిగులుతుంది. ఒకే రాత్రి పాతిక పడవల లెక్కలు వస్తే అనుమానం చాలావరకు పోతుంది. ఈ గుర్తులన్నీ ఏం చేస్తావు మావయ్యా?

మావయ్య: యంత్రం నిండిపోతే సెరిపేత్తాను.

వాదం ఇక్కడితో తెగింది. నా తీర్పు చెబుతాను. ప్రవాహాన్ని నడిపేది ఏదన్న ప్రశ్నలో మేనకోడలిదే గెలుపు. మన తీరపు నీటిని మన తీరపు గాలి ఒక్కటే నడపడం లేదు, గాలికీ నీటికీ నెలలు కుదరకపోవడమే దానికి రుజువు. ఫలానా రాత్రి ఫలానా చోట నీరు ఎటు పోతుందన్న ప్రశ్నలో మాత్రం మావయ్య చేతిలో ఉన్న సమాచారం ఏ సంస్థ దగ్గరా లేదు, అది రోజూ చెరిగిపోతోంది.

విశాఖ, కాకినాడ, నిజాంపట్నం, మచిలీపట్నం రేవుల్లో రాత్రి వల తేలేసే పడవల వాళ్ళను అడిగేది చిన్న పని: వల వేసిన చోటు, వేసిన వేళ, తీసిన చోటు, తీసిన వేళ, గాలి దిక్కు ఒక నోటు పుస్తకంలో రాయండి. చేప దొరికిన చోటు చెప్పడం ఇష్టం లేకపోతే చేప సంగతి రాయకండి, నీటి నడక చాలు. విశ్వవిద్యాలయాల్లో సముద్రశాస్త్రం చదివే పిల్లలను అడిగేది ఇంకొకటి: ఆ పుస్తకాలు రేవుకు వెళ్ళి తీసుకోండి, లెక్క కట్టి, ఏం తేలిందో అదే రేవుకు తిరిగొచ్చి తెలుగులో చెప్పండి. నీళ్ళు పట్టి ఇచ్చిన జాలర్ల వల్ల సముద్రంలో ఒక నది బయటపడింది. తూర్పు తీరంలో ఏటా 61 రోజుల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. 15న పడవలు బయల్దేరతాయి. మొదటి పేజీ ఆ రాత్రే రాయవచ్చు.